ఒక సినిమా వేషం, ఒక హెవీ లైసెన్సు

నేను స్టీరింగు వదిలేసి ఏడాది దాటింది. మోకాళ్లు క్లచ్ తొక్కడానికి ఒప్పుకోవడం మానేశాయి. ఇప్పుడు మోతీనగర్‌లో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని, దారిన పోయే లారీల గేర్ల చప్పుడు విని నడిపేది కొత్తవాళ్లో పాతవాళ్లో చెప్పడం నా పని. దీనికి జీతం లేదు. ఈమధ్య మా చర్చిలో కుర్రకారుకి నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇచ్చిన కాస్త సమయమూ మైకు సరిచేయడానికే సరిపోయింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో నేను షూటింగులకు భోజనాలు పంపే ఒక వంటశాలలో వ్యాను నడిపేదాన్ని. వండేది మోతీనగర్‌లో, తినేది ఫిల్మ్‌నగర్‌లో. పొద్దున్నే ఇడ్లీ డబ్బాలు, సాంబారు క్యాన్లు ఎక్కించుకుని జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కడం, ఒలికిన సాంబారు తుడుచుకోవడం, మధ్యాహ్నం మళ్లీ అదే. జీతం తక్కువే కానీ, ఆ వ్యాను నా చేతిలో ఉన్నంతసేపు నేను ఎవరి మాటా పడనక్కర్లేదు. పెళ్లయిన ఆడదానికి రోజుకి అన్ని గంటలు అలా దొరకడం చిన్న విషయం కాదు.

ఒకరోజు మా ఓనరుగారు అందర్నీ పిలిచి శుభవార్త చెప్పారు. ఆయనది భీమవరం వైపు. శుభవార్త చెప్పేటప్పుడు కూడా చేపల ధర చెప్పినట్టే చెబుతారు.

"ఇక డబ్బాల్లో పంపడాలు లేవు. పెద్ద లారీ కొన్నాను. దాని మీదే వంటశాల కట్టిస్తున్నాను. దోసె కెమెరా పక్కనే వేస్తాం, వేడిగా తింటారు. వ్యాన్లు అమ్మేస్తున్నాను."

నేను ముందుకొచ్చాను. "మరి నేనండీ?"

"నువ్వు హెవీ లైసెన్సు తెచ్చుకో అమ్మాయ్. లారీ బాడీ కట్టి షెడ్డులోంచి బయటకొచ్చేలోపు తెచ్చుకుంటే తాళాలు నీకే. తెచ్చుకోలేకపోతే వంటలో వేస్తాను."

నా వంట గురించి ఆయనకి తెలియదు. మా ఆయనకి తెలుసు. అందుకే ఆ సాయంత్రం విషయం చెప్పగానే, "లైసెన్సే తెచ్చుకో. నలుగురూ బాగుపడతారు" అన్నాడు.

మా ఆయన ఏసీలు బాగుచేస్తాడు. ఎండాకాలం మేం ధనవంతులం, మిగతా కాలమంతా దేవుడి బిడ్డలం. అది వానాకాలం. మోతీనగర్‌లోనే ఉన్న డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి ఫీజు అడిగితే, ఆ మాస్టారు చెప్పిన అంకె విని, ఆయన ఇంకెవరితోనో మాట్లాడుతున్నారేమో అని నేను వెనక్కి తిరిగి చూశాను. లారీ డీజిలు తాగుతుంది, అందుకే అంత, అన్నారు. చీటీ అప్పటికే ఎత్తేశాం. ఓనరుగారిని అడ్వాన్సు అడిగితే, లారీ కొన్నవాడి దగ్గర డబ్బెక్కడుంటుంది అని నన్నే అడిగారు. ఆడవాళ్లకి ఉచితంగా నేర్పే పథకం ఏదో ఉందని విని పరిగెత్తాను. అక్కడ ఒక అమ్మాయి నా వయసు చూసి, "మీ అమ్మాయికాండీ?" అంది.

ఇక మిగిలింది ప్రార్థన. మా ఆయన శుక్రవారం ప్రార్థన కూటంలో చీటీ రాసి ఇచ్చాడు, నా హెవీ లైసెన్సు కోసం ప్రార్థించమని. ఆయన చేతిరాత అదోరకం. పాస్టరుగారు కళ్లు మూసుకుని, గొంతెత్తి, "ప్రభువా, ఈ సహోదరి మీద ఉన్న ఈ హెవీ భారమును ఇప్పుడే, ఈ క్షణమే తొలగించుము" అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అలవాటులో అనేశాను. అనేశాక, ఉన్న కాస్త ఆశా పోయిందని భయపడ్డాను.

వాయిదాల్లో కడతానని బతిమాలడానికి మర్నాడు మళ్లీ స్కూలుకి వెళ్లాను. ఆ మాస్టారి గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. మీసానికి నూనె, జుట్టుకి రంగు. ఆఫీసు గోడ మీద ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు ఒక వరస, వాటి కింద ఆయన ఫొటోలు ఒక వరస. నల్లకళ్లద్దాల్లో ఒకటి, కోటులో ఒకటి, కన్నీళ్లతో ఒకటి. 'ముందు మలుపు కలదు' అన్న బొమ్మ కింద ఆయన కోపంగా చూస్తున్న ఫొటో ఉండేది.

వాయిదాలు కుదరవని చెప్పబోయి, ఆయన కిటికీలోంచి నా వ్యాను వైపు చూశారు. అద్దం మీద స్టూడియో పాసు అతికించి ఉంది.

"ఏంది చెల్లె, నువ్వు లోపటికి పోతవా?"

"రోజూ వెళ్తానండీ. సాంబారు తీసుకెళ్తాను."

"ఎవరన్న ఎరుకనా నీకు? డైరెక్టర్లు గిట్ల?"

"నేనెవరో వాళ్లకి తెలియదండీ. నా సాంబారు తెలుసు."

ఆయన లేచి తలుపు దగ్గరకి వేశారు. నేను కంగారుపడ్డాను. ఆయన తిరిగొచ్చి, గొంతు తగ్గించి, ఎదురింటివాళ్లకి కూడా వినపడకూడని రహస్యం చెప్పినట్టు అన్నారు. "ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న. ఒక్క సీను. ఒక్కటంటే ఒక్క మాట. ఇప్పియ్యి. పైసలు వద్దు. లారీ నేర్పిస్త, సర్టిఫికెట్ ఇస్త, టెస్టుకు నా బండే ఇస్త."

ఇప్పించగలనని నేను అనలేదు. ఇప్పించలేనని కూడా అనలేదు. "ప్రయత్నిస్తానండీ" అన్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఆ మాట మీదే ఎన్నో బతుకులు నడుస్తాయి.

నాకున్న పలుకుబడి అంతా ఒక ప్రొడక్షన్ మేనేజరు దగ్గర. ఆయన ప్రాణం పెసరట్టు. అందరికీ పంచాక అడుగున మిగిలినవి మెత్తబడి ఉంటాయి కదా, ఆయనకి మాత్రం నేను పైనవి నాలుగు అరిటాకులో చుట్టి, అల్లం పచ్చడితో ముందే తీసి పెట్టేదాన్ని. అలా పెడుతూ వారం గడిపాను. లోకం సంగతులు తప్ప ఏమీ అడగలేదు. వారం తర్వాత ఆయనే అనుమానపడి, "ఏంటమ్మా సంగతి?" అన్నారు. చెప్పాను. ఆయన చట్నీ నాకుతూ నవ్వారు. నవ్వడం మధ్యలో ఆపారు.

"ఆయనకి సొంత లారీ ఉందా?"

"ఉందండీ."

"మాకు స్టూడియోలో ఒకరోజు లారీ కావాలి. అద్దె చూస్తే ప్రొడ్యూసరు నన్ను అమ్మేసేలా ఉన్నాడు. కిరాయి లేకుండా ఇస్తాడా?"

"డీజిలు పోయిస్తే చాలండీ. ఒక్క మాట చెప్పనివ్వాలి."

"రెండు చెప్పుకోమను!"

అలా బేరం కుదిరింది. ముగ్గురమూ డబ్బు లేనివాళ్లమే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

నేర్చుకోవడం మొదలైంది. మాస్టారి లారీ శిక్షణ కోసమే మార్పించినది. పక్కసీటు దగ్గర కూడా ఆయనకి ఒక క్లచ్చూ, ఒక బ్రేకూ ఉండేవి. ఆయనకి నిజమైన బ్రేకు మాత్రం నోరే. నేను బండి ఎక్కి తలుపు వేసుకోగానే మొదలయ్యేది.

"క్లచ్ మీదికెళ్లి కాలు తియ్యి! అదేమన్న అత్తగారిల్లా, పెట్టిన కాలు తియ్యకుండ ఉండెతందుకు?"

"గేరు జర మెల్లగ! బోరింగు కొడుతున్నవా?"

"అద్దం జూడు, అద్దం! బొట్టు పెట్టుకునే అద్దం కాదది!"

"నేను బొట్టు పెట్టుకోనండీ, మేం క్రిస్టియన్లం."

"మంచిగైంది. ఆ టైం గూడ రోడ్డు మీద పెట్టు!"

నాకు వ్యాను నడపడంలో పదేళ్ల అనుభవం. అదే నా కొంప ముంచింది. వ్యాను తిప్పినట్టు లారీ తిప్పితే వెనక చక్రాలు మన మాట వినవు. మొదటి రోజుల్లో ఒక మలుపులో వెనక చక్రం కాలిబాట ఎక్కి దిగింది. అక్కడ చెప్పులు కుట్టుకునే పెద్దాయన ఒకరు లేచి, గొడుగు మడిచి, అవతలి పక్కకి మకాం మార్చేశారు. రోజూ నేను వస్తున్నప్పుడు ఆయన ముఖం చూస్తే నా చదువు ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది. ఆయన మళ్లీ ఇటువైపు వచ్చి కూర్చున్న రోజు మాస్టారు నాకు టీ ఇప్పించారు.

ఇంతలో షూటింగు రోజు వచ్చింది.

సీను ఇది: ప్రేమ విఫలమైన హీరో రోడ్డు మధ్య దిగాలుగా నిలబడి ఉంటాడు. లారీ దూసుకొచ్చి, ఆయన ముందు కీచుమని ఆగాలి. డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటయ్యా, కళ్లు కనపడటం లేదా?" అనాలి. అంతే. స్టూడియో లోపలే ఆరుబయట రోడ్డు సెట్టు వేశారు. లారీ మీదున్న స్కూలు పేరుని గోనెపట్టాతో కప్పారు. మాస్టారు ఆ ముక్కని వారం రోజులుగా సాధన చేశారు. కానీ ఆయన నోట్లో 'ఏంటయ్యా' తిరగదు. 'ఏందయ్యా' అనే వచ్చేది. అసిస్టెంటు డైరెక్టరు పక్కకి తీసుకెళ్లి చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు చెప్పించాడు.

నేను మధ్యాహ్నం భోజనాలు తెచ్చి, ఒక పక్కన వ్యాను ఆపుకుని చూస్తున్నాను. ఈ వేషం పోతే నా లారీ చదువు పోతుంది.

యాక్షన్ అన్నారు. లారీ బయల్దేరింది. ముసలి ఎద్దు నీళ్లకి వెళ్లినట్టు వచ్చింది. హీరోకి చాలా దూరంలోనే హారను కొట్టారు. ఇండికేటరు వేశారు. చేయి బయటపెట్టి, నెమ్మదిగా ఆగుతున్నట్టు సైగ చేశారు. ఆగారు. హ్యాండ్‌బ్రేకు లాగారు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చారు. అప్పుడు తల బయటపెట్టారు.

డైరెక్టరు కట్ చెప్పడం కూడా మర్చిపోయారు.

"మాస్టారూ, స్పీడుగా రావాలండీ. దూసుకు రావాలి."

"మనిషి నిలబడ్డడు గద సార్. మనిషి కనబడంగనే స్పీడు తగ్గియ్యాలె."

"మీకు ఆయన కనపడలేదండీ! అదే సీను!"

"గంత పెద్ద హీరో కనబడకపోతే నా లైసెన్స్ గుంజుకోవాలె సార్."

హీరో ముఖం తిప్పుకుని నవ్వారు. రెండోసారి ఇండికేటరు వేయలేదు కానీ హారను ఆపలేదు. మూడోసారి కాస్త వేగంగానే వచ్చి, సగం దారిలో ఆపేసి, కిందికి దిగి, లైటు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి అవతలికి జరగమని చెప్పి వచ్చారు. నాలుగోసారి అంతా సరిగ్గా చేసి 'ఏందయ్యా' అన్నారు. డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టారు. ప్రొడక్షన్ మేనేజరు నా వైపు చూసిన చూపులో నేను పెట్టిన పెసరట్లన్నీ తిరిగొస్తున్నట్టు కనిపించాయి.

"బ్రేక్! భోజనం!" అన్నారు డైరెక్టరు. "ముందు ఆ లారీని నా కళ్ల ముందు నుంచి తీయించండి."

లారీ అడ్డంగా ఉంటే నా వ్యాను లోపలికి రాదు. మాస్టారు మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నారు. "నాతోని కాదు చెల్లె. నువ్వే తియ్యి. గేటు లోపటనే గద, ఫికర్ లేదు, నేను పక్కన కూసుంట."

నేను ఎక్కాను. ఆయన నీరసంగా పక్కసీట్లో చేరారు. ఇంజిను స్టార్టు చేశాను. గేరు కాస్త గరగరమంది. అంతే, ఆ నీరసం ఎటుపోయిందో తెలియదు.

"గట్లనా గుంజేది? ఇంజిన్ ఏడుస్తుంది ఇనబడతలేదా? ఇన్ని దినాలు చెప్పింది గంగల కలిసిందా? అద్దం, అద్దం! అత్తగారిల్లు! కాలు తియ్యి!"

ఇంతసేపూ ఆయన పాట్లు చూసి నా ప్రాణం విసిగి ఉంది. సాంబారు చల్లారిపోతోంది. వేషం ఎలాగూ పోయింది. నేర్చుకుంటున్నన్నాళ్లూ ఎదురు తిరగని దాన్ని, ఆ పూట మొదటిసారి అనేశాను. "మీరు ఒక్క నిమిషం ఊరుకోండి, లారీ దానంతటదే వెళ్తుంది! మీ నోటికే అది బెదిరిపోతోంది!"

మాకు తెలియని విషయం ఏమిటంటే, డైలాగు కోసం క్యాబిన్‌లో పెట్టిన మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సౌండు ఆయన నవ్వలేక కుర్చీ పట్టుకున్నాడట. డైరెక్టరు ఆ హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నారు. నేను లారీ పక్కకి పెట్టి దిగేసరికి ఎదురుగా నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను.

"మీరిద్దరూ ఇలాగే మళ్లీ చేయగలరా?"

"సాంబారండీ..." అన్నాను.

"సాంబారు నేను వేడి చేయిస్తానమ్మా."

సీను మారిపోయింది. ఇప్పుడు లారీ దూసుకు రానక్కర్లేదు, మెల్లగానే వస్తుంది. భార్య నడుపుతుంటుంది, భర్త పక్కన కూర్చుని తిడుతుంటాడు. గొడవలో హీరోని ఇద్దరూ చూడరు, చివర్లో చూసి ఆపుతారు. ఆ గొడవ విని, ప్రేమ కోసం ఏడుస్తున్న హీరో నవ్వేస్తాడు. అందరికీ నచ్చింది, మా ఇద్దరికీ తప్ప.

"సార్, చెల్లె అంటున్న. పెండ్లాం అని ఎట్ల జెయ్యాలె?" అన్నారు మాస్టారు.

"నేను మా ఆయన్ని తప్ప ఇంకొకర్ని 'ఏవండీ' అననండీ" అన్నాను నేను.

డైరెక్టరు కాసేపు ఆకాశం వైపు చూశారు. "అసలు పిలుచుకోకండి. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక ఎవరు పిలుచుకుంటారు? తిట్టుకోండి, చాలు."

తిట్టుకున్నాం. ఎవరూ రాసివ్వలేదు. ఒక్క టేకులో అయిపోయింది. 'ఏంటయ్యా' అనాల్సిన చోట మాస్టారు సీట్లోంచే 'ఏందయ్యా' అన్నా ఈసారి ఎవరూ ఆపలేదు. హీరో నిజంగానే నవ్వారు. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు లారీ దిగి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఆఫీసు గోడ మీది కన్నీళ్ల ఫొటోలో ముఖం ఇలా ఉండదు.

టెస్టు రోజు నేను భయపడింది లారీకి కాదు. నా పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరుగారు మౌనంగా ఉన్నారు. ఆ మౌనంలో నాకు లారీ నడపడం రాలేదు. మొదటిసారి ఇంజిను ఆగిపోయింది. చెవులు మూతపడినట్టయింది. అప్పుడు నాకు నేనే, లోగొంతుకతో, మాస్టారి తిట్లు తిట్టుకోవడం మొదలుపెట్టాను. క్లచ్ తిట్టుకి క్లచ్, అద్దం తిట్టుకి అద్దం. బండి చక్కగా కదిలింది.

కాసేపటికి ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. "ఎవర్నమ్మా తిడుతున్నారు?"

"నన్నేనండీ."

"కానివ్వండి, బాగానే వెళ్తోంది" అన్నారాయన.

లారీ బాడీ షెడ్డులోంచి బయటకొచ్చేసరికి లైసెన్సు నా చేతిలో ఉంది. ఓనరుగారు తాళాలిచ్చి, "గీతలు పడితే జీతంలో కోస్తాను" అని దీవించారు. మొదటిరోజు ఆ వంటశాలను మోసుకుంటూ జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే, వెనక గిన్నెలన్నీ బ్యాండుమేళంలా మోగుతుంటే, పక్కసీట్లో మా ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. ఈసారి ఏం అడిగాడో నేను అడగలేదు.

సినిమా వచ్చింది. మాస్టారు బంధువులందరినీ తీసుకుని మొదటి ఆటకే వెళ్లారు. మా సీను రాగానే హాలంతా నవ్వింది. కానీ లారీ అద్దం మీద ఆకాశం నీడ పడింది. నా చేతులూ, స్టీరింగూ కనపడ్డాయి. మాస్టారి వైపు మాత్రం తెల్లటి మేఘం ఒకటి నిండుగా కూర్చుంది. ఆయన గొంతు వినపడుతుంది, ఆయన కనపడరు. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మనిషి, హాల్లో బంధువులు "నువ్వేడున్నవ్?" అని అడుగుతుంటే ఏం చెబుతాడు? ఆ తర్వాత కొన్నాళ్లు నా ఫోను ఎత్తలేదు. నా వంతు బేరం నేను సరిగ్గా తీర్చలేదనిపించింది.

ఒకరోజు ఆయనే ఫోను చేశారు. ఎర్రగడ్డ మార్కెట్లో జామకాయలు బేరమాడుతున్నారట. బండివాడు తల కూడా ఎత్తకుండా తూకం వేస్తూ, గొంతు విని ఆగిపోయాడట. "అన్నా, లారీ మీద పెండ్లాన్ని తిట్టినోనివి నువ్వే గదా?" అన్నాడట. చుట్టూ జనం చేరి తిట్టమన్నారట. తిట్టారట. జామకాయలు ఊరికే ఇచ్చారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మైకులో మాట్లాడుతున్నట్టు ఉంది.

అక్కణ్ణుంచి స్కూలుకి జనం పెరిగారు. తిట్లు తిని నేర్చుకోవాలని పనిగట్టుకుని వచ్చేవాళ్లు. ఫీజు కూడా పెరిగింది.

కొన్నేళ్లకి మా వంట లారీలో దోసెలు వేసే ఆవిడ, పెనం దగ్గర నిలబడి నిలబడి నడుము పోయిందని, తను కూడా లారీ నేర్చుకుంటానంది. ఫీజుకి దారి లేదు. మాస్టారి దగ్గరకి తీసుకెళ్లాను. గోడ మీది ఫొటోలు అలాగే ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఆవిణ్ణి అడిగారు.

"నీకు సినిమాల ఎవరన్న ఎరుకనా?"

ఆవిడ నా వైపు చూసింది. "ఎవరూ తెలియదండీ" అంది నిజాయితీగా. "దోసెలు వేయడమే."

మాస్టారు బల్ల మీద వేళ్లతో తాళం వేశారు. ఫీజు కాగితం వైపు చూశారు, కిటికీలోంచి లారీ వైపు చూశారు. నేను వాయిదాల మాట ఎత్తబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి లేచారు.

"ఎక్కు" అన్నారు ఆవిడతో.

ఆవిడ చీరకొంగు నడుముకి దోపుకుని మెట్టెక్కింది. సీట్లో ఇంకా సర్దుకోనే లేదు, తిట్లు మొదలయ్యాయి. నేను కింద నిలబడి ఆవిడ వైపు తలుపు వేశాను.